ఒడలెల్ల ఎఱ్ఱబారినప్పుడు

సత్యవేడు ప్రాంతమున వ్యాధి ముదిరినవానికి రెండు త్రోవలు గలవు: ఊత్తుకోట మీదుగా చెన్నపట్టణమునకు బోవునది యొకటి, తిరుపతిలోని రుయా ఆసుపత్రికి బోవునది మఱొకటి. 2022లో ఈ సీమ చిత్తూరు జిల్లానుండి విడివడి తిరుపతి జిల్లాలో జేరినను, రెండు రాష్ట్రముల వైద్యుల నడుమ తిరుగాడు అలవాటు మాఱలేదు. మాఱవలసిన యవసరమును లేదు. కాని ఒడలంతయు ఎఱ్ఱబారి పొట్టు రాలు రోగి విషయమున నీ తిరుగాట యొక చిక్కు దెచ్చిపెట్టును. అతడు వాడిన మందుల చరిత్ర ఏ యొక్క వైద్యునికిని సమగ్రముగా దెలియదు. వ్యాధిమూలమో, పెక్కుసారులు ఆ చరిత్రయందే దాగియుండును.

దేహచర్మమున నూటికి 90 పాళ్లకు మించి ఎఱ్ఱబారి పొలుసులై యూడిపోవు స్థితిని వైద్యులు ఎరిత్రోడెర్మా యందురు. వియన్నా నగరపు చర్మవైద్యుడు ఫెర్డినాండ్ ఫాన్ హెబ్రా 1868లో దీనిని వర్ణించెను. ఇది యొక్క రోగము పేరు గాదు. పెక్కు రోగములు తుదకు వచ్చి చేరు రేవు. చిరకాలముగా నున్న సోరియాసిస్, ఎగ్జిమా ప్రకోపించి యిట్లగును. మూర్ఛకు వాడు ఫెనిటోయిన్, కార్బమజెపైన్, యూరిక్ ఆమ్లమును దగ్గించు అల్లోప్యూరినాల్, సల్ఫా మందులు వికటించి యగును. అరుదుగా రక్తకణముల క్యాన్సరు ఈ రూపమున బయల్పడును. 1950ల నడుమ పూనా ప్రాంతమున గుర్తింపబడి దేశమంతట నల్లుకొనిన వయ్యారిభామ రేణువులు సరిపడని రైతునకు మొదట కనురెప్పలు, మెడ, మోచేతి మడతలు కమలి, ఏండ్ల తరబడి నుపేక్షించినచో నొడలంతటికి ప్రాకుటయు గలదు.

చర్మమును దేహమునకు తొడుగు మాత్రముగా దలచుట మన పొరపాటు. గుండెవలె నదియు నొక అవయవమే. అది విఫలమైనప్పుడు శరీరమంతయు దానితో గ్రుంగును. ఎఱ్ఱబారిన చర్మమునకు రక్తము వెల్లువగా బాఱుటచే దేహోష్ణము వెలికి బోయి, రోగి వైశాఖపుటెండలోను దుప్పటి కప్పుకొని వణకును, ఒంటినీరు ఆవిరియగును, ఆ రక్తమునెల్ల ద్రిప్పలేక వృద్ధుల గుండె యలసి పోవును, పగుళ్లనుండి సూక్ష్మజీవులు రక్తమున జొచ్చును. దినదినము పక్కపై రాలు పొట్టుతో మాంసకృత్తులును రాలిపోవును. సరిగా నీ వేళనే పథ్యము పేర గ్రుడ్డు, పప్పు, చేప మాన్పించి చారన్నముతో సరిపెట్టు ఇండ్లను జూచినప్పుడు నా మనస్సు కలగును. ఆ రోగికి గావలసినది రెట్టింపు పోషణము. కంచమును పక్కను వేఱుచేయుట మఱింత క్రూరము. తీవ్రమైన గజ్జి వంటి కొన్ని సందర్భములు దక్క నిది అంటువ్యాధి గాదు.

అన్నిటికంటె నన్ను భయపెట్టునది తొందరపాటు సూది. సోరియాసిస్ గలవానికి స్టెరాయిడ్ సూదిమందు గాని మాత్రలు గాని యిచ్చినచో కొలదిదినములలో ఎరుపు దగ్గును, ఇచ్చినవాని హస్తవాసికి పేరు వచ్చును. మందు నిలిపిన పిమ్మట వ్యాధి మునుపటికంటె నుగ్రమై తిరుగబడి ఒడలెల్ల నాక్రమింపవచ్చును. అనేక స్టెరాయిడ్ లేపనములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని ప్రభుత్వము 2018లో శాసించినను, తామర మందని యడిగిన వారికి అంగళ్లలో నవి నేటికిని దొరకుచున్నవి.

చికిత్సకు మొదటి మెట్టు రోగిని ఆసుపత్రి మంచమున జేర్చుట. వెచ్చని గది, వాసెలిన్ గాని కొబ్బరినూనె గాని దినమునకు పలుమాఱులు ఒడలంతట బూయుట, లవణముల పరీక్ష, నీటి లెక్క, అనుమానము గల మందును నిలుపుట, చర్మపు తునుక దీసి పరీక్షించుట: ఇవి సామాన్యముగ దోచినను ప్రాణము నిలుపునవి. మెథోట్రెక్సేట్, సైక్లోస్పోరిన్ వంటివి మూలము దెలిసిన పిదపటి మాట. మూర్ఛ మందును రోగి తనంతట మానివేయరాదు. బదులు మందు నిర్ణయించుటకు అదేదినమున వైద్యుని గలియవలెను. నోట పుండ్లు, కండ్ల మంట, బొబ్బలు లేచి చర్మము తడికాగితమువలె నూడుట కనబడినచో నది మఱింత ప్రాణాంతకమైన మందుల వికటము. గంటలు లెక్కింపవలసిన దశ.

కావున ఈ సరిహద్దు గ్రామములవారిని నేను గోరునది యొక్కటే. చెన్నపట్టణపు చీటీ, తిరుపతి చీటీ, అంగటివాడు చేతిలో బెట్టిన మాత్రల అట్ట, నాటువైద్యుని చూర్ణపు పొట్లము, గడచిన మూడు నెలలలో నోట వేసికొన్నదెల్ల ఒక్క గుడ్డసంచిలో వేసి, ఆ సంచిని రోగితోపాటు వైద్యుని బల్లమీద బెట్టవలెను.