తనిఖీ ఫారంలో ఇంజనాయిల్‌కు ఒక గడి

ఆంధ్రప్రదేశ్ ఓడరేవుల శాఖ, పర్యాటకాభివృద్ధి సంస్థ అధికారులకు,

పట్టిసీమ అనగానే ఇప్పుడు రాష్ట్రమంతటికీ 24 పంపులు గుర్తొస్తాయి. సెకనుకు 240 ఘనపు మీటర్ల గోదావరిని ఎత్తి పోలవరం కుడి కాలువలో పోసి కృష్ణా డెల్టాకు పంపే ఆ పథకం 2015లో మొదలైంది. కానీ రేవులో రోజువారీ బతుకును నడిపేవి ఆ పంపులు కావు. శివరాత్రికీ కార్తీకానికీ వీరభద్రస్వామి గుడికి జనాన్ని దాటించే పడవల ఇంజన్లు, లంక పొలాలకు నీళ్లు తోడే ఆయిల్ ఇంజన్లు. ఈ లేఖ ఆ చిన్న డీజిల్ ఇంజన్ల గురించి. అందులోనూ వాటి కడుపులో ఉండే మూడు నాలుగు లీటర్ల ఆయిల్ గురించి.

పడవ అనగానే మీ శాఖలకు ప్రమాదాలు గుర్తుకు రావడం సహజం. 2018 మే 15న మంటూరు దగ్గర గాలివానకు లాంచీ మునిగింది. రెండు నెలలకే పశువుల్లంక దగ్గర నాటుపడవ కడుతున్న వంతెన స్తంభానికి కొట్టుకుని బడిపిల్లలు కొట్టుకుపోయారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో రాయల్ వశిష్ట బోటు మునిగితే 26 మందే బతికి ఒడ్డెక్కారు. వీటిలో ఏదీ ఆయిల్ మార్చకపోవడం వల్ల జరిగిందని ఈ లేఖ అనడం లేదు. గాలీ ప్రవాహమూ ఎదురు తిరిగినప్పుడు మాత్రం సరంగు చేతిలో మిగిలేది ఇంజనొక్కటే. అది ఆగితే చుక్కాని ఎటు తిప్పినా పడవ మాట వినదు.

కచ్చులూరు తర్వాత, 2020 జూన్‌లో నదుల మీద బోట్ల కోసం తొమ్మిది కంట్రోల్ రూములు తెరిచారు. 1917 నాటి చట్టం పోయి 2021 నాటి లోతట్టు నౌకల చట్టం వచ్చింది. యంత్రంతో నడిచే పడవకు రిజిస్ట్రేషనూ, సర్వే పత్రమూ ఉండాలని అది చెబుతోంది. లైఫ్ జాకెట్లు లెక్కపెట్టడం, ఎక్కినవాళ్ల తలలు లెక్కపెట్టడం అవసరమే. వాటి పక్కన అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది: ఇంజనాయిల్ ఎప్పుడు మార్చారు?

ఈ ప్రశ్నకు రేవుల్లో సాధారణంగా వచ్చే జవాబు, “తగ్గినప్పుడల్లా పోస్తూనే ఉన్నామండీ.”

చిక్కంతా ఆ జవాబులోనే ఉంది. ఒంటి సిలిండర్ చిన్న ఇంజన్లలో చాలావాటికి ఆయిల్ ఫిల్టరే ఉండదు. కనెక్టింగ్ రాడ్ అడుగున చిన్న గరిటెలాంటి ముక్క ఉంటుంది. తిరిగిన ప్రతిసారీ అది ఆయిల్‌ను లోపలంతా చిమ్ముతుంది, బేరింగులకూ బోరుకూ అందే తడి అదే. మసి, లోహపు రజను, చెమ్మ అన్నీ ఆ నాలుగు లీటర్లలోనే తిరుగుతుంటాయి. పైన కొత్త ఆయిల్ ఎంత పోసినా అడుగున పేరుకున్న జిగురు ఎక్కడికీ పోదు. అది ఆయిల్ వెళ్లే రంధ్రాలను పూడ్చేస్తే బేరింగ్ ఎండిపోయి ‘టకటక’ మొదలవుతుంది, ఆపైన పిస్టన్ పట్టేస్తుంది.

నల్లబడితే మార్చాలనేది ఇంకో లెక్క. డీజిల్ ఇంజన్లో మంచి ఆయిల్ కూడా కొద్ది గంటలకే నల్లబడుతుంది. మసిని అడుగుకు దిగనీయకుండా తనలో తేల్చి ఉంచడం దాని పని. రంగు చూసి దాని వయసు చెప్పడం ఎవరి తరమూ కాదు.

వీటికంటే ప్రమాదకరమైన లెక్క, “మా ఇంజన్ ఆయిల్ తాగదండీ, గేజి దిగనే దిగదు” అన్న గర్వం. ఇంజెక్టర్ కారినా రింగులు అరిగినా డీజిల్ కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. అప్పుడు గేజి దిగదు సరికదా, కొన్నిసార్లు పైకి ఎక్కుతుంది. యజమానికి నిండుగా కనిపిస్తున్నది పలచబడిన ఆయిల్. మట్టం మరీ పెరిగితే ఇంజను ఆ ఆయిల్‌నే ఇంధనంగా కాల్చుకుంటూ ఆగకుండా పరుగెత్తవచ్చు. అప్పుడు డీజిల్ కట్టేసినా ప్రయోజనం ఉండదు. నిండా జనమున్న పడవలో ఆ పరిస్థితి ఎలా ఉంటుందో మీకు వివరించనక్కరలేదు.

ఇందులో నిర్లక్ష్యం ఉంది, పాత అలవాటూ ఉంది. ఇంగ్లండులోని డర్స్‌లీలో 1930 ప్రాంతంలో పుట్టి, తర్వాత రాజ్‌కోట్‌లో నకళ్లు తయారైన లిస్టర్ తరహా ఇంజన్లు నిమిషానికి 650 చుట్లు తిరిగేవి. డుగ్ డుగ్ మంటూ నిదానంగా నడిచే ఆ ఇంజన్లు ఎంత అశ్రద్ధనైనా చాలాకాలం ఓర్చుకునేవి. తాతల కాలపు ఆ భరోసా ఇప్పటి 1500 చుట్ల ఇంజన్లకు పనికిరాదు. పైగా ఆటోకు కిలోమీటర్ల మీటరైనా ఉంటుంది. పడవ ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో చూపే మీటరు చాలాచోట్ల ఉండదు.

మీటరు లేకపోయినా లెక్క కష్టం కాదు. 5 హార్స్‌పవర్ ఇంజను పూర్తి బరువు మీద గంటకు సుమారు లీటరు డీజిల్ తాగుతుంది. అంటే నూరు లీటర్లు కొన్నప్పుడు దాదాపు నూరు గంటలు నడిచినట్టే. కంపెనీని బట్టి 100 నుంచి 250 గంటల మధ్య ఆయిల్ మార్చాలి, కొత్త ఇంజనుకైతే మొదటిసారి ఇంకా ముందే. డీజిల్ బిల్లులు ఒక తీగకు గుచ్చి ఉంచినా చాలు. పెద్ద లాంచీల ఇంజన్లకు ఫిల్టర్లుంటాయి. వాటికి ఈ లీటర్ల లెక్క వేరు, అడగాల్సిన ప్రశ్న మాత్రం అదే.

ఇక డబ్బు సంగతి. ఇంజన్ చప్పుడు వినేది సరంగు, ఆయిల్ డబ్బాకు డబ్బు తీయాల్సింది యజమాని. చప్పుడు మారిందని సరంగు చెబితే, “ఈ సీజన్ పోనీ” అంటాడు యజమాని. ఇంజన్ దించి, బోరు కొట్టించి, క్రాంకు గ్రైండింగ్‌కు పంపి, పిస్టనూ రింగులూ మార్చడానికి అయ్యే ఖర్చుతో ఎన్ని డబ్బాల ఆయిల్ వస్తుందో మెకానిక్‌ను అడిగితే తెలుస్తుంది. పడవ ఒడ్డున పడి ఉన్న రోజుల కూలి అందులో కలవలేదు. సరంగు చెప్పిన మాట కాగితం మీద పడే ఏర్పాటు మీరు చేయాలి. నోటిమాటకు రేవులో విలువ తక్కువ.

ఎప్పుడు మార్చాలన్నదీ గోదావరి క్యాలెండరు చూసి నిర్ణయించాలి. వరదల నెలల్లో పడవలు కట్టేస్తారు. నీళ్లు తగ్గి మళ్లీ బయలుదేరేటప్పుడు కొందరు కొత్త ఆయిల్ పోస్తారు, అంటే అన్ని నెలలూ పాత ఆయిల్‌లోని చెమ్మ, ఆమ్లాలు బేరింగులను తింటూ కూర్చున్నాక. 2020 ఏప్రిల్ నుంచి డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో పది పాళ్లకు తగ్గింది కాబట్టి ఆమ్లం బెడద కొంత తగ్గిన మాట నిజమే. మసీ, చెమ్మా తగ్గలేదు. మార్చాల్సింది కట్టేసే ముందు, ఎర్రనీరు రాకముందు.

తీసిన ఆయిల్ మాటేమిటి? కొంత సెంట్రింగ్ రేకులకు పూస్తారు, కొంత చెదలకు విరుగుడని కొయ్యకు రాస్తారు. మిగిలింది పడవ అడుగు నీళ్లతో కలిపి తోడి పోస్తే గోదావరిలోకే. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం వాడిన ఆయిల్ కూడా ప్రమాదకర వ్యర్థమే. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ ఉత్పత్తిదారులకే దాని సేకరణ, రీసైక్లింగ్ బాధ్యత కూడా అంటగట్టారు. పట్టిసీమ ఎగువన పారబోసిన నూనె కొంత రాజమహేంద్రవరం వైపు, పంపులు ఆడుతున్న రోజుల్లో కొంత కృష్ణా వైపు వెళ్లగలదు. మారుస్తారు సరే, ఎక్కడ పోయాలో చూపకుండా మార్చమనడం కూడా సబబు కాదు.

కాబట్టి కోరుతున్నది పెద్ద పథకం కాదు. సర్వేలోనూ, కంట్రోల్ రూము తనిఖీలోనూ ఆయిల్ మార్చిన తేదీ, అప్పటివరకు నడిచిన గంటలు లేదా కాల్చిన డీజిల్ లీటర్లు రాసే గడిని తప్పనిసరి చేయండి. కింద యజమాని సంతకంతో పాటు సరంగు సంతకమూ ఉండనివ్వండి. పట్టిసీమలో ఒకటి, ఎదుటి ఒడ్డున పురుషోత్తపట్నంలో ఒకటి వాడిన ఆయిల్‌కు డ్రమ్ములు పెట్టించి, అనుమతి ఉన్న రీసైక్లర్ వచ్చి తీసుకెళ్లేలా చూడండి. వాన నీళ్లు పడకుండా డ్రమ్ముకు మూత, మూతకు తాళం ఉండాలి. తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో పక్క గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. లేకపోతే ఆ డ్రమ్మే ముందు మాయమవుతుంది.