మమ్మల్ని లెక్కకే పిలుస్తారా?

కదిరిలో ఎండాకాలం కొళాయి దగ్గర ఎవరి బిందె ముందుందో చూస్తారు. బిందె పెట్టినామె సాయిబులామెనా, బోయామెనా అని చూడరు. అందుకే మా గల్లీ నుంచి గెలిచిన ముస్లిం కౌన్సిలరు నీళ్లకు, మురిక్కాలువకు, వీధిదీపానికి అందరికీ జవాబు చెప్పాలి. అదే మనిషి అసెంబ్లీ మెట్లెక్కగానే ఏమవుతాడు? 'మైనారిటీ' అవుతాడు. మా పేచీ ఇక్కడే.

నంద్యాల ఎన్.ఎం.డి. ఫరూక్ ప్రయాణం చూడండి. 1981లో పురపాలక సంఘంలో మొదలయ్యారు. 1985, 1994, 1999లలో నంద్యాల ఎమ్మెల్యేగా గెలిచారు. డిప్యూటీ స్పీకర్ అయ్యారు. కింది మెట్టు నుంచి ఒక్కో మెట్టు ఎక్కిన మనిషి. 2014లో ఆయన పార్టీ తెలుగుదేశం అధికారంలోకి వచ్చింది. గెలిచినవాళ్లలో ఒక్క ముస్లిం లేడు, మంత్రివర్గంలోనూ లేడు. నాలుగేళ్లకు పైగా ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. 2017లో నంద్యాల ఉపఎన్నిక వచ్చింది. సాయిబుల ఓట్లు బలంగా ఉన్న ఊరు. ఆ ఏడే ఫరూక్ శాసనమండలికి వెళ్లారు, నవంబరులో మండలి చైర్మన్ అయ్యారు. 2018 నవంబరులో మంత్రి అయ్యారు. అప్పటికి ఎన్నికలు అయిదు నెలల దూరంలో ఉన్నాయి. ఇంత అనుభవం ఉన్న మనిషి 2014లో ఎందుకు గుర్తు రాలేదు?

మా కదిరి కథ ఇంకో రకం. 2014లో అత్తార్ చాంద్ బాషాను వైఎస్సార్ కాంగ్రెస్ టికెట్టు మీద గెలిపించాం. 2016లో ఆయన రాజీనామా చేయకుండానే తెలుగుదేశంలో చేరారు. విజయవాడ పశ్చిమ నుంచి గెలిచిన జలీల్ ఖాన్ కూడా అదే దారి పట్టారు. ఫిరాయింపును మేము సమర్థించం. ఓటు మాది, దాన్ని మోసుకుపోయే హక్కు ఎవరికీ లేదు. కానీ 2017 ఏప్రిల్‌లో ఫిరాయించినవాళ్లలో నలుగురు మంత్రులయ్యారు. ఆ నలుగురిలో ముస్లిం లేడు. జలీల్ ఖాన్‌కు వక్ఫ్ బోర్డు దక్కింది. 2019లో చాంద్ బాషాకు కదిరి టికెట్టు కూడా రాలేదు. పాపంలో అందరూ సమానమే, ఫలంలో మాత్రం కాదు!

అవతలి పార్టీ వేరా? 2019లో జగన్ ప్రభుత్వం కడప అంజాద్ బాషాను ఉపముఖ్యమంత్రిని చేసింది. చేతిలో పెట్టింది మైనారిటీ సంక్షేమ శాఖ. 2024లో ఫరూక్ నంద్యాలలో మళ్లీ గెలిచి మంత్రయ్యారు. న్యాయశాఖ ఇచ్చారు, సంతోషం. మైనారిటీ సంక్షేమం మాత్రం తోకలా వెంటే వచ్చింది. సాగునీరు, ఆర్థికం, రెవెన్యూ సాయిబుకు అచ్చిరావా?

సెక్యులర్ మిత్రులు అంటారు: "నాయకుడిలో మతం చూడొద్దండీ" అని. మేము అడిగేదీ అదే. చూస్తున్నది ఎవరు? కౌన్సిలరుగా ఊరందరి మనిషిగా ఉన్నవాణ్ని పై మెట్టు మీద టోపీకి కుదించింది ఎవరు?

తప్పు మాలోనూ ఉంది. దాన్ని దాచుకోం. మా నాయకుణ్ని మేము అడిగిందేమిటి? షాదీఖానా, కబరస్తాన్‌కు ప్రహరీ గోడ, రంజాన్‌లో ఇఫ్తార్ విందు. కబరస్తాన్‌కు గోడ కావాల్సిందే. కానీ బతికున్నవాళ్ల సంగతి? కదిరి పేరు పెట్టుకున్న వేరుశనగ రకాలు ఎక్కడెక్కడో పండుతున్నాయి. వాన తప్పితే ఇక్కడి రైతుకు విత్తనం ఖర్చు రాదు. ఆ కాయలు వలిచే చేతుల్లో మా అక్కల చేతులున్నాయి, ఆ మూటలు మోసే వీపుల్లో మా భాయిల వీపులున్నాయి. పని లేక పిల్లల్ని అమ్మీకి అప్పజెప్పి కువైట్ ఇళ్లల్లో చాకిరీకి వెళ్లినవాళ్లున్నారు. కరువు మా సమస్య కాదా? పంటల బీమా గురించి, చెరువుకు నీళ్ల గురించి మా ఎమ్మెల్యేని మేము ఎన్నిసార్లు నిలదీశాం?

నరసింహస్వామి తేరు నాడు కదిరి వీధిలో కౌమ్ అడిగి ఎవరూ పక్కన నిలబడరు. ఊరు మమ్మల్ని ఊరివాళ్లుగానే చూస్తుంది. పార్టీలే మమ్మల్ని ఎన్నికల ముందు తలలుగా లెక్కపెట్టి, ఎన్నికల తర్వాత ఒక శాఖలో పెట్టి తలుపు వేస్తున్నాయి.

ఇకపై మా గల్లీకి ఓటుకు వచ్చేది సాయిబైనా, రెడ్డైనా ఒకటే మాట అడుగుతాం. కొళాయి దగ్గర నువ్వు జవాబు చెప్పిన ప్రతి ప్రశ్నకూ అసెంబ్లీలో నోరు తెరుస్తావా? తెరిచే మనిషినే పంపుతాం. పంపాక ఆయనకు మైనారిటీ కుర్చీ మాత్రమే చూపిస్తే, ఆ అవమానం ఆయనది కాదు, మాది. దానికి లెక్క మేమే అడుగుతాం.