బండి తానే ఆగిపోకముందే మీరు ఆపండి

ఎండలు ముదిరాయి. గుంటూరు మిర్చి యార్డు దగ్గర లారీలు బారులు తీరాయి, నూజివీడు మామిడి కదిలే రోజులు వచ్చేశాయి. కిరాయిలు బాగా దొరికే కాలం ఇదే. సొంత బండి కొనుక్కుని సొంతంగా నడుపుకునే తమ్ముళ్లు సర్వీసింగును పక్కన పెట్టేదీ ఈ కాలంలోనే. ‘ఈ ఒక్క ట్రిప్పు కొట్టొచ్చాక షెడ్డులో పెడదాం’ అనుకుంటారు. తిరిగొచ్చేసరికి ఇంకో లోడు సిద్ధంగా ఉంటుంది, నెలాఖరుకు కిస్తీ కట్టాలి. ఆయిల్ మార్చడం అలా ట్రిప్పు మీద ట్రిప్పు వెనక్కి పోతుంది. దయచేసి ఈసారి అలా చేయకండి.

చాలా బళ్లున్న ట్రాన్స్‌పోర్టు కంపెనీలో ఈ పని చూడటానికి ఒక సూపర్‌వైజరు ఉంటాడు. డ్రైవరు పోతానన్నా బండి ఆపించే అధికారం అతనికి ఉంటుంది. మీ బండికి ఓనరూ మీరే, డ్రైవరూ మీరే. ఆగమనేవాడూ పోదామనేవాడూ ఒక్కడే అయితే ఎవరి మాట నెగ్గుతుందో మీకు తెలియనిది కాదు. అందుకే జ్ఞాపకం మీద వదిలేయకండి. ఆయిల్ మార్చిన తేదీ, అప్పటి కిలోమీటర్లు, మళ్లీ ఎప్పుడు మార్చాలో ఒక పుస్తకంలో రాయండి. క్యాబిన్ తలుపు లోపలివైపు పెయింటుతో రాయించుకున్నా మంచిదే.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలన్నది కంపెనీ ఇచ్చిన మాన్యువల్‌లో చూడండి. పక్క బండివాడి లెక్క మీ బండికి పనికిరాదు. మోడలును బట్టి, ఆయిల్ గ్రేడును బట్టి అది మారుతుంది. క్వారీ దుమ్ములో బరువులు మోసే టిప్పరుకు ఆ గడువు బాగా తగ్గుతుంది. సిమెంటు ఫ్యాక్టరీ గేటు ముందు, పోర్టు బయట గంటల తరబడి ఇంజిన్ ఆడుతూ ఉంటే మీటరు కదలదు, లోపల ఆయిల్ మాత్రం పాడవుతూనే ఉంటుంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారైన లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. డ్రైవరుకు ఆ సుఖం ఎప్పుడో దక్కాల్సింది. కాకపోతే ఏసీ కోసం ఇంజిన్ ఆడిన గంటలు కూడా లెక్కలో వేసుకోండి.

పొద్దున బండి తీసే ముందు, చదును నేల మీద, డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి చూడండి. నల్లగా ఉందని కంగారు వద్దు. డీజిల్ ఇంజిన్‌లో మసిని తనలో కలుపుకోవడం కూడా ఆయిల్ పనే, కొద్ది రోజులకే నల్లబడుతుంది. రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పే మేస్త్రిని నమ్మకండి. వేళ్ల మధ్య రుద్దితే ఇసుక తగిలినా, డీజిల్ వాసన కొట్టినా, పాల కాఫీ రంగుకు తిరిగినా బండి కదపకండి. కాఫీ రంగు కనిపిస్తే కూలెంటో నీళ్లో ఆయిల్‌లోకి దిగుతున్నట్టు. మట్టం పెరిగినా ప్రమాదమే. ‘చుక్క ఆయిల్ తాగట్లేదు, బండి బంగారం’ అని మురిసిపోయేవాళ్లున్నారు. డీజిల్ కారి ఆయిల్‌లో కలిస్తే మట్టం తగ్గదు మరి. అలా పలచబడ్డ ఆయిల్ బేరింగులను కాపాడలేదు. ఇంజిన్ పట్టేస్తే ఖర్చు లక్షల్లోకి పోతుంది, బండి షెడ్డులో కూర్చుంటుంది. కిస్తీ మాత్రం ఆగదు.

నడుస్తుండగా ఆయిల్ ప్రెషర్ లైటు వెలిగితే పక్కకు తీసి వెంటనే ఇంజిన్ కట్టేయండి. ‘ముందు ఊళ్లో చూపిద్దాం’ అనుకున్న ఆ నాలుగు కిలోమీటర్లలోనే ఇంజిన్ పోతుంది. లైటు వెలగనప్పుడు, ఘాట్ ఎక్కొచ్చిన వెంటనే మాత్రం కట్టేయకండి. టర్బో షాఫ్టు నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరుగుతుంది, ఇంజిన్ ఆగితే దానికి ఆయిల్ అందదు. రెండు మూడు నిమిషాలు స్లోలో ఉంచి ఆపండి.

డబ్బా చౌకగా దొరికిందని సంబరపడకండి. పేరున్న కంపెనీల ఖాళీ డబ్బాల్లో వాడేసిన ఆయిల్ వడకట్టి నింపి అమ్మేవాళ్లున్నారు. బిల్లు తీసుకోండి, సీలు మీరే తీయండి, మీ కళ్లముందే పోయించండి. ఖాళీ డబ్బాకు స్క్రూడ్రైవరుతో నాలుగు పోట్లు పొడిచాకే పాత సామాన్లవాడికి వేయండి. లేకపోతే నకిలీ సరుకు మళ్లీ ఆ డబ్బాలోనే మీ దగ్గరికి వస్తుంది. ఆయిల్ మార్చి ఫిల్టరు పాతదే ఉంచడం ఇంకో పిచ్చి పొదుపు. అది మూసుకుపోతే బైపాస్ వాల్వు తెరుచుకుని వడపోత లేకుండానే మురికి ఆయిల్ ఇంజిన్‌లోకి పోతుంది.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 బళ్లకు మరో జాగ్రత్త. పొగ గొట్టం దారిలో మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. పాత బండికి పోసిన ఆయిలే దీనికీ పోస్తే, కాలగా మిగిలిన బూడిద అందులో పేరుకుంటుంది. మసి వేడికి కాలిపోతుంది, బూడిద కాలదు. మాన్యువల్‌లో సీకే-4 గ్రేడు ఆయిల్ అని ఉంటే అదే పోయండి. పొగ శుద్ధికి వాడే డెఫ్ ద్రవం ట్యాంకులో యూరియా నీళ్లు కలిపి పోయమని ఎవరైనా తెలివి నేర్పితే వినకండి. డెఫ్‌లో ఉండేది 32.5 శాతం శుద్ధమైన యూరియా. పొలానికి చల్లే యూరియాకు వేపనూనె పూత ఉంటుంది. అది పోస్తే ఆ సిస్టమ్ మొత్తం పాడైపోతుంది.

ఇంజిన్ పోతే డబ్బు పోతుంది. బ్రేకు పోతే మనుషులు పోతారు.

బ్రేకులకు గాలి అందించే కంప్రెసర్ పీల్చిన గాలిలోని తేమ ఎయిర్ ట్యాంకులో నీరై దిగుతుంది. రోజూ బండి పెట్టేశాక ట్యాంకు కింది రింగు లాగి నీళ్లు వదలండి. ఒకటి రెండు చుక్కలైతే సరే. ధార కడితే ఎయిర్ డ్రయర్ పని అయిపోయినట్టు. తెల్లటి నురగతో జిడ్డు వస్తే కంప్రెసర్ ఆయిల్ కక్కుతోంది, ఆ జిడ్డు వాల్వుల్లో రబ్బర్లను తినేస్తుంది. ఇంజిన్ ఆపాక గాలి మీటరు ముల్లు దిగిపోతుంటే లీకు ఉన్నట్టే. సబ్బు నీళ్లు రాసి వెతకండి. హబ్ సీలు కారి గ్రీజు లైనరు మీద పడితే ఆ చక్రానికి బ్రేకు లేనట్టే. బ్రేకు తొక్కగానే బండి ఒక పక్కకు గుంజుతుంటే అది కూడా చూపించండి.

తమిళనాడులోని ధర్మపురి దగ్గర తొప్పూరు ఘాట్, చిత్తూరు వైపు మొగిలి ఘాట్, నల్లమల దిగుడు దారులు మీకు తెలిసినవే. డీజిల్ మిగులుతుందని అక్కడ న్యూట్రల్‌లో వదిలేవాళ్లు ఇంకా ఉన్నారు. ఎక్కిన గేరులోనే దిగండి. బరువంతా బ్రేకు మీదే పడితే డ్రమ్ములు కాగి లైనర్లు పట్టు వదులుతాయి. అప్పుడు ట్యాంకు నిండా గాలి ఉన్నా పెడల్ తొక్కి లాభం లేదు. ఇంజిన్ కట్టేసి దొర్లిస్తే ఇంకా ఘోరం. కంప్రెసర్ ఆగుతుంది, స్టీరింగు బిగుసుకుంటుంది. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే చట్టమే ఒప్పుకోదు. ముందు టైర్లను అంతదాకా లాగొద్దు.

రిపేరు సొంతంగా చేసుకునేవారికి చేతులు జోడించి చెబుతున్నాం. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరొద్దు, చెక్క దిమ్మలు పెట్టండి. ఎత్తిన టిప్పరు బాడీకి ఆసరా పెట్టకుండా దాని కింద తల పెట్టొద్దు. హోసు తెగితే బాడీ చెప్పి దిగదు. స్ప్రింగ్ బ్రేకు చాంబరు మాత్రం మీరు విప్పొద్దు. లోపల అణిచిపెట్టిన స్ప్రింగు ఒక్కసారిగా మూతను విసిరికొడుతుంది, ఎదురుగా ఉన్న మనిషి బతకడం కష్టం. లాక్ రింగు చక్రానికి గాలి కొట్టేటప్పుడు దాని ముందు మీరు నిలబడొద్దు, క్లీనరు కుర్రాణ్ణీ నిలబెట్టొద్దు.

ఫిట్‌నెస్ ఉంది కదా అంటారేమో. ఎనిమిదేళ్లలోపు బండికి రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఇచ్చే కాగితం అది. ఆ రోజు బండి ఎలా ఉందో చెబుతుంది, నిన్న రాత్రి కారిన సీలు గురించి చెప్పదు.

డబ్బు ఎక్కడిదన్నది న్యాయమైన ప్రశ్నే. డీజిల్, టోలు, టైర్లు, కిస్తీ పోగా చేతిలో ఎంత మిగులుతుందో మాకూ తెలుసు. అయినా కిరాయి అందిన రోజే కిలోమీటరుకు ఇంత అని తీసి మీ ఆవిడ చేతికివ్వండి, సర్వీసింగుకు తప్ప అడిగినా ఇవ్వొద్దని చెప్పండి. ట్రాన్స్‌పోర్టు బ్రోకర్లకూ ఒక మనవి: బండి షెడ్డులో ఉందని డ్రైవరు చెబితే ఆ లోడును ఒక్క రోజు ఆపించండి. లారీ ఓనర్ల సంఘాలు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ నెలలోనే ఒక ఆదివారం బ్రేకులు, ఆయిల్ చూసే శిబిరం పెట్టాలి. మేస్త్రులు అక్కడే ఉన్నారు, బళ్లూ అక్కడే ఉన్నాయి.

మీరు మాత్రం ఆ శిబిరం కోసం ఎదురుచూడకండి. రేపు పొద్దున లోడుకు పోయే ముందే డిప్‌స్టిక్ తీయండి, ట్యాంకు నీళ్లు వదలండి. తేడా కనిపిస్తే లోడు వద్దని ఫోన్ చేసి చెప్పి బండిని షెడ్డుకు తీసుకెళ్లండి.