హోల్డర్ దగ్గర ఎన్ని వోల్టులు వస్తున్నాయి?

ఫైనలియర్‌లో ఉండగా నాన్న పాత బండికి నేనో ఎల్ఈడీ బల్బు బిగించాను. కోఠి గుజరాతీ గల్లీలో 250 రూపాయలు. డబ్బా మీద రాసిన ల్యూమెన్ల లెక్క చూస్తే స్టేడియంలో పెట్టాల్సిన బల్బు అది! ఊళ్లో కుర్రాళ్లంతా ఆగి చూశారు, నేనూ పొంగిపోయాను. నాలుగో రోజు రాత్రి కాలవగట్టు మీద ఎదురుగా ఎక్సెల్‌పై వస్తున్న ఒక పెద్దాయనకి ఆ వెలుగు కళ్లలో కొట్టి, బండి గట్టు అంచుదాకా వెళ్లిపోయింది. కాళ్లు ఆనించి ఎలాగో ఆపుకొన్నారు. ‘నీకు కనబడితే చాలా బాబూ, మాకు కనబడక్కర్లేదా?’ అన్నారు. అంతకుమించి తిట్టలేదు.

అది చాలదన్నట్టు రెజ్యూమెలో ‘తక్కువ ఖర్చుతో హెడ్‌లైట్ మెరుగుదల’ అని ఒక లైను రాసుకున్నాను. ఇంటర్వ్యూలో సరిగ్గా దాని మీదే వేలు పెట్టారు. ‘హోల్డర్ దగ్గర ఎన్ని వోల్టులు వస్తున్నాయి? ఫిలమెంట్ ఉండాల్సిన చోటే ఎల్ఈడీ చిప్ వచ్చిందా?’ రెండింటికీ నా దగ్గర జవాబు లేదు. ఉద్యోగమూ రాలేదు.

మీ బండి మీద కూడా అలాంటి బల్బే ఉండొచ్చు. లేదా ఈ నెల పాకెట్ మనీలోంచి కొందామని చూస్తూ ఉండొచ్చు. నేను చెప్పేది ఒక్కటే. బల్బు కొనే ముందు మల్టీమీటర్ కొనండి.

ఇంజిన్ ఆన్‌లో పెట్టి, లైటు వెలుగుతుండగా ముందు బ్యాటరీ దగ్గర, తర్వాత హోల్డర్ వెనకాల వోల్టేజీ చూడండి. మా బండికి బ్యాటరీ దగ్గర 13.6 ఉంటే హోల్డర్ దగ్గర 11.9 వచ్చింది. 1.7 వోల్టులు దారిలోనే మాయం! ‘పన్నెండు వోల్టులే కదా, సరిపోదా’ అనుకోకండి. హాలోజన్ ఫిలమెంట్ వెలుతురు వోల్టేజీతో పాటు సమానంగా తగ్గదు. దాదాపు 3.4 ఘాతంతో పడిపోతుంది. పది శాతం వోల్టేజీ పోతే ముప్పై శాతం వెలుతురు పోయినట్టే. మా బండి లెక్క వేస్తే మూడో వంతుకు పైగా వెలుతురు వైర్లలోనూ స్విచ్చిలోనూ పోతోంది. నేను మాత్రం బల్బుని తిట్టుకున్నాను.

పోయిందెక్కడో వెతికితే మొదటి దొంగ తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు. విప్పి రుద్ది బిగిస్తే 0.6 వోల్టులు తిరిగొచ్చాయి, పైసా ఖర్చు లేకుండా. మిగతాది హ్యాండిల్ స్విచ్చిలో అరిగిపోయిన పాయింట్ల దగ్గర పోతోంది. దానికి మందు రిలే. డిమ్‌కి ఒకటి, హైబీమ్‌కి ఒకటి. పాత స్విచ్చి రిలే కాయిల్‌ని మాత్రమే నడుపుతుంది, అసలు కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజ్ మీదుగా నేరుగా బల్బుకి వెళ్తుంది. ఫ్యూజ్‌ని బ్యాటరీకి దగ్గరగానే పెట్టండి. దూరంగా పెడితే మధ్యలో వైరు ఎక్కడైనా ఒరుసుకుని షార్ట్ అయినప్పుడు అది కాపాడదు. ఇంకో జాగ్రత్త. కొన్ని పాత బళ్లలో రేజ్ చేస్తే లైటు పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. అవి బ్యాటరీ మీద కాకుండా నేరుగా కాయిల్ ఇచ్చే ఏసీ మీద వెలిగే రకం. వాటికి ఈ పద్ధతి పనికిరాదు, మెకానిక్‌ని అడగందే చెయ్యి పెట్టకండి. వారంటీలో ఉన్న కొత్త బండి అయితే అసలు ముట్టుకోకండి.

డూమ్ పసుపు పట్టి ఉంటే మాత్రం పని సులువు. ప్లాస్టిక్ డూమ్ మీది పూత ఎండకి పాడై అలా అవుతుంది. వెయ్యి, తర్వాత రెండు వేల నంబరు వాటర్ పేపరుతో తడిపి రుద్ది, చివర్లో పాలిష్ పెడితే కొత్తదానిలా వస్తుంది. యూవీ పూత వెయ్యకపోతే కొన్నాళ్లకి మళ్లీ మొదటికే వస్తుందనుకోండి. అన్నీ కలిపి, మల్టీమీటర్‌తో సహా, నాకు వెయ్యి దాటలేదు.

మరి ఎల్ఈడీతో వచ్చిన చిక్కేంటి? హాలోజన్ రిఫ్లెక్టర్‌ని ఫిలమెంట్ ఉండే స్థానాన్ని బట్టి డిజైన్ చేస్తారు. డిమ్ ఫిలమెంట్ కింద చిన్న లోహపు గిన్నె ఉంటుంది. వెలుతురు రిఫ్లెక్టర్ పైసగానికే తగిలి, రోడ్డు మీదికి దిగేది దానివల్లే. చవక ఎల్ఈడీలో చిప్పులు ఆ చోట సరిగ్గా కూర్చోవు. వెలుతురు ఎటుపడితే అటు, ముఖ్యంగా ఎదుటివాళ్ల కళ్లలోకి పోతుంది. అంటే మీకు వెలుగు ఎక్కువైనట్టు అనిపిస్తుంది, రోడ్డు మాత్రం అంత బాగా కనబడదు. వంద వాట్ల హాలోజన్ కథ వేరు. 35 వాట్ల కోసం వేసిన వైరింగ్‌లో 8 ఆంపియర్లు పారిస్తే హోల్డర్ కరుగుతుంది. పైగా 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలోని 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకీ ఓనర్‌కి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు.

ఏం చేసినా చివర్లో బీమ్ సెట్ చేసుకోండి. బండిని గోడకి 5 మీటర్ల దూరంలో నిలబెట్టి, మీ బరువుతో కూర్చుని, డిమ్ పైఅంచు లైటు ఎత్తు కన్నా ఓ 5 సెంటీమీటర్లు కిందికి పడేలా స్క్రూ తిప్పాలి. తర్వాత బండి మీద మీ ఫ్రెండ్‌ని కూర్చోబెట్టి, మీరు 8 మీటర్ల దూరంలో ఎదురుగా నిలబడి చూడండి. పెద్దాయన కళ్లలోంచి చూసినట్టుంటుంది.

ఇదంతా ఉద్యోగానికి పనికొస్తుందా అంటే, వస్తుంది. లూమాక్స్, ఫియెమ్, ఊనో మిండా లాంటి కంపెనీలు తయారుచేసేది ఈ లైట్లే. పుణెలోని ఏఆర్ఏఐలో, మానేసర్‌లోని ఐక్యాట్‌లో వాహనాల లైట్లని పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తారు. మన హైదరాబాద్‌లోనే జెడ్‌ఎఫ్, హ్యుందాయ్ మోబిస్ టెక్నికల్ సెంటర్లు ఉన్నాయి. ఇవాళ్టి కారు హెడ్‌లైట్ అంటే డ్రైవర్ సర్క్యూట్, వేడిని తరలించే హీట్‌సింక్, సీ ప్రోగ్రామ్, క్యాన్ బస్. ఈసీఈ, ఈఈఈ, మెకానికల్, ఆఖరికి సీఎస్ఈ వాళ్లకి కూడా అందులో పని ఉంది. ఇంటర్వ్యూ చేసేవాళ్లకి మీరు కొనుక్కొచ్చిన ప్రాజెక్టు రిపోర్టు రెండు ప్రశ్నల్లో తెలిసిపోతుంది. సొంత చేతుల్తో కొలిచిన రీడింగ్ దగ్గర మాత్రం వాళ్లే కుర్చీ ముందుకి జరుపుకొంటారు.

నా విషయంలో అదే జరిగింది. తర్వాతి ఇంటర్వ్యూకి రెజ్యూమెలో ఆ లైను మార్చాను: ‘హెడ్‌లైట్ సర్క్యూట్‌లో వోల్టేజ్ డ్రాప్ 1.7 నుంచి 0.3కి తగ్గింపు, ఖర్చు వెయ్యి లోపు’. రిలే పిన్లు 30, 85, 86, 87 ఏవెక్కడికి వెళ్తాయో కాగితం మీద గీయమన్నారు, గీశాను. ఎర్త్ సంగతి ఎలా పట్టుకున్నావని అడిగారు. దాని మీదే ఇరవై నిమిషాలు గడిచింది.

ఆ 250 రూపాయల బల్బు వృథా పోలేదు లెండి. నాన్న దాన్ని పాత బ్యాటరీకి తగిలించి గేదెల కొట్టంలో పెట్టుకున్నారు.