అతుకుకూ ఒక పటం కావాలి

ప్రొద్దుటూరులో మైదుకూరు రోడ్డున పోయినా, ఎర్రగుంట్ల రోడ్డున పోయినా కొత్తగా లేస్తున్న ఇనుప షెడ్లు కనిపిస్తాయి. గోదాములు, కల్యాణ మండపాలు, బండ్ల షోరూములు. పులివెందులలో అరటి గెలలు, చీనీకాయలు దించుకునే చోట కూడా ఇప్పుడు రేకుల కప్పే. వీటిలో చాలావాటికి ప్లాను ఉంటుంది, అనుమతి ఉంటుంది, స్తంభం ఎంత లావుండాలో ఎవరో ఒకరు లెక్క కట్టి ఉంటారు. కానీ ఇనుప స్తంభం కాంక్రీటు మీద కూర్చునే చోటుకు, దూలం పాత గోడలో దూరే చోటుకు, రెయిలింగు బండలో దిగే చోటుకు మాత్రం పటం ఉండదు. అది పని దగ్గర నోటిమాట మీద తేలిపోతుంది. ఇది మారాలి. పురపాలక సంఘాలు అనుమతి ఇచ్చే ముందే ఆ అతుకుల పటం అడగాలి.

నా బతుకుతెరువు ఈ పనే కాబట్టి ఇంత గట్టిగా అంటున్నాను. మాది జమ్మలమడుగు, మా నాయన బేల్దారి. హైదరాబాదులో ఒక స్టీల్ డీటైలింగ్ ఆఫీసులో ఏండ్ల తరబడి చేసి, ఇప్పుడు ప్రొద్దుటూరులో ఇంటి నుంచే అదే పని చేసుకుంటున్నాను. అమెరికాలో కట్టే బడులకు, ఆసుపత్రులకు, గోదాములకు ఇనుప ముక్క ముక్కకూ మేమిక్కడ పటాలు గీస్తాం. ఇంజినీరు పంపే పటంలో దూలం ఒక గీత మాత్రమే. ఆ దూలాన్ని ఎంత పొడవున కోయాలి, చివర ఎన్ని రంధ్రాలు, రంధ్రానికీ అంచుకూ ఎంత దూరం, వెల్డు ఎంత మందం, ఏ వైపు అన్నది తేల్చి గీసేది డీటైలర్. గీసింది ఇంకొకరు చెక్ చేస్తారు. సందేహం వస్తే ఊహించి గీయం. ఆర్‌ఎఫ్‌ఐ (వివరణ కోరే లేఖ) పంపి, ఇంజినీరు జవాబు రాతలో వచ్చేదాకా ఆ ముక్కను ఆపేస్తాం. మా రాయలసీమ పిల్లలు హైదరాబాదు, బెంగళూరు ఆఫీసుల్లో దూరదేశపు భవనాలకు ఇంత జాగ్రత్తగా ఈ పని చేస్తారు. వాళ్ల సొంత ఊర్లో షెడ్డు మాత్రం పటం లేకుండా లేస్తుంది. ఈ మాట నన్ను చానా రోజులుగా బాధపెడుతోంది.

ఇనుమూ ఇనుమూ కలిసే చోట తంటా తక్కువ. రెండూ ఒకే షాపులో, ఒకే చేతి కింద తయారవుతాయి. ఇనుము వేరే పదార్థంతో కలిసే చోట ఇద్దరు మేస్త్రీలు, రెండు కొలతలు. బేల్దారి అడుగులు, అంగుళాల్లో కొలిచి, బోల్టులు పాతి, కాంక్రీటు పోసి వెళ్లిపోతాడు. కొన్ని వారాలకు వెల్డరు స్తంభాలు తెస్తాడు. బేల్దారి లెక్కలో అరంగుళం తేడా తేడానే కాదు. వెల్డరుకు ఆ అరంగుళంతోనే బోల్టు రంధ్రంలో దూరదు. ఒకరు పోయాక ఇంకొకరు వస్తారు కాబట్టి ఇద్దరూ మాట్లాడుకునేది కూడా ఉండదు. వాళ్లిద్దరి మధ్య ఉండాల్సిన కాగితం పేరే కనెక్షన్ డ్రాయింగ్.

మొన్నటి ఎండాకాలం ఒక షెడ్డు పునాది దగ్గర కూర్చుని చూశాను. స్తంభం అడుగున ఉండే బేస్ ప్లేటుకు నాలుగు బోల్టులు, ఒక్కోటి 20 మిల్లీమీటర్లది. కాంక్రీటు పోసేటప్పుడు వాటిని బైండింగ్ వైరుతో కమ్మీలకు కట్టినారు, కదలకుండా నిలబెట్టే టెంప్లేటు పెట్టలేదు. వైబ్రేటర్ అదురుకు రెండు బోల్టులు పక్కకు ఒరిగినాయి. ప్లేటు దిగకపోయేసరికి గ్యాస్ కట్టరుతో రంధ్రాలను కోడిగుడ్డు ఆకారానికి సాగదీసినారు. మామూలు వాషరు ఆ రంధ్రాన్ని పూర్తిగా కప్పడం లేదు, నట్టు సగం గాలిలో ఉంది. ప్లేటు కింద సందులో కంకర ముక్కలు దోపి, పైన సిమెంటు పాలు పోసినారు. బోల్టు ఒకటి పెడెస్టల్ (స్తంభం కూర్చునే కాంక్రీటు దిమ్మె) అంచుకు మూడు వేళ్ల దూరంలో ఉంది. నేను అడిగితే వెల్డరు చానా మర్యాదగానే చెప్పినాడు: "పైన అంత బరువుంది గదక్కా, స్తంభం యాడికి పోతాది?"

మనవాళ్లలో చాలామంది నమ్మకం ఇదే. స్తంభం కిందికే నొక్కుతుందని, బోల్టు ఉన్నది అది పక్కకు జరగకుండా చూడ్డానికేనని. కాంక్రీటు ఇంటికి అది చాలావరకు నిజం, రేకుల షెడ్డుకు కాదు. గాలి పీడనానికి మన కోడ్ ఐఎస్ 875 మూడో భాగం ఇచ్చే సూత్రం చిన్నది. సెకనుకు ఎన్ని మీటర్ల వేగమో ఆ అంకెను దానితోనే హెచ్చించి, మళ్లీ 0.6తో హెచ్చిస్తే చదరపు మీటరుకు ఎన్ని న్యూటన్లో వస్తుంది. పక్కనున్న కర్నూలుకు కోడ్ ఇచ్చిన ప్రాథమిక గాలివేగం సెకనుకు 39 మీటర్లు, అంటే గంటకు 140 కిలోమీటర్లు. లెక్క కడితే చదరపు మీటరుకు 90 కిలోల పైచిలుకు. అర మిల్లీమీటరు రేకు బరువు చదరపు మీటరుకు 5 కిలోలు కూడా ఉండదు. రేకును మోసే పర్లిన్లు, ఫ్రేములు అన్నీ కలిపినా చిన్న షెడ్డుకు 20, 25 కిలోలు. ఒక స్తంభం వంతుకు 30 చదరపు మీటర్ల కప్పు వచ్చిందనుకోండి. కిందికి బరువు 750 కిలోలు, గాలి పైకి లాగేది రెండున్నర టన్నుల పైనే. కోడ్‌లో గుణకాలు ఉన్నాయి, వాటితో ఈ అంకె అటూ ఇటూ అవుతుంది. గాలి కప్పును పైకి లాగుతుందన్న సంగతి మాత్రం మారదు. లింగాల, సింహాద్రిపురం వైపు ఈదురుగాలికి అరటితోటలు నేలకొరిగే పూట, ఆ పక్కనే ఉన్న షెడ్డు స్తంభం భూమిలోంచి పీక్కుని పోవాలని చూస్తుంటుంది. దాన్ని పట్టి ఉంచేది ఆ నాలుగు బోల్టులే. నట్టు సగం గాలిలో ఉన్న బోల్టులు!

ఆ చోటుకు పటం ఒక్క కాగితంలో సరిపోతుంది. పైనుంచి చూసిన బొమ్మ ఒకటి, నిలువుగా కోసి చూపిన బొమ్మ ఒకటి. బోల్టు మధ్య నుంచి బోల్టు మధ్యకు దూరం, పెడెస్టల్ అంచుకు దూరం, కాంక్రీటు లోపల బోల్టు లోతు, కింద వంపు ఏ వైపు తిరగాలి, పైకి ఎంత తేలాలి, అందులో మర ఎంత పొడవు, ప్లేటు మందం, రంధ్రం కొలత, కింద గ్రౌటు మందం, లెవెల్ నట్టు, లాక్ నట్టు, స్తంభాన్ని ప్లేటుకు వెల్డు చేసే కొలత. కాంక్రీటు పోసేటప్పుడు బోల్టులను నిలబెట్టే టెంప్లేటు రేకు కూడా అందులోనే గీస్తాం. చేయి తిరిగినవాళ్లకు ఒక పూట పని. లక్షలు పోసి కట్టే షెడ్డులో దీని ఖర్చు లెక్కలోకే రాదు.

పటం ఉన్నా, దాన్ని శ్రద్ధగా చదవకపోతే ఏమవుతుందో 1981 జూలై 17న అమెరికాలోని కాన్సాస్ సిటీలో లోకం చూసింది. హయత్ రీజెన్సీ హోటల్లో నాలుగో అంతస్తు నడవ కింద రెండో అంతస్తు నడవ, రెండూ ఇనుప కడ్డీలతో కప్పుకు వేలాడుతున్నాయి. మొదటి పటంలో పైనుంచి కిందిదాకా ఒకటే పొడవు కడ్డీ. అంత పొడవునా మర వేయడం కష్టమని దాన్ని రెండు కడ్డీలు చేశారు: పై నడవకు ఒకటి, పై నడవ నుంచి కింది నడవకు ఇంకొకటి. చూడ్డానికి చిన్న మార్పు. కానీ దాంతో కింది నడవ బరువు కూడా పై నడవ దూలం కింది నట్టు మీదే పడింది, భారం రెండింతలైంది. షాప్ డ్రాయింగుల మీద ఆమోద ముద్ర పడింది, కొత్త అతుకుకు లెక్క మాత్రం ఎవరూ కట్టలేదు. ఆ సాయంత్రం హోటల్లో నాట్య వేడుక జరుగుతుండగా నట్టు దూలాన్ని చీల్చుకుని బయటికొచ్చింది. 114 మంది చనిపోయారు. తిలాపాపం తలా పిడికెడు అని ఆ కేసును వదిలేయలేదు. పటం మీద ముద్ర వేసిన ఇంజినీర్లదే బాధ్యత అని తేల్చి, ఇద్దరి లైసెన్సులు రద్దు చేశారు. కొత్తగా డీటైలింగులోకి వచ్చిన పిల్లలకు నేను మొదటిరోజు చెప్పేది ఈ కథే.

మా ఊళ్లలో ఇంకా భయపెట్టేది డాబా మీద లేచే రేకుల షెడ్డు. కింద పాత స్లాబు, దాని మందం నాలుగైదు అంగుళాలు. డ్రిల్లు వేసి, ఎక్స్‌పాన్షన్ బోల్టు కొట్టి, దాని మీద పైపు స్తంభం నిలబెడతారు, అదీ పిట్టగోడ పక్కనే, స్లాబు అంచున. రంధ్రంలో మందు పోసి బోల్టు అతికించే పద్ధతి కూడా వచ్చింది. మంచి పద్ధతే. కానీ రంధ్రంలో దుమ్మును బ్రష్షుతో తోమి, గాలి కొట్టి పూర్తిగా తీయకపోతే ఆ మందు కాంక్రీటుకు కాదు, దుమ్ముకు అంటుకుంటుంది. ఏ మందు అన్నదీ ముఖ్యమే. 2006 జూలై 10న బోస్టన్ సొరంగంలో కాంక్రీటు పలకల కప్పు ఊడి కారు మీద పడి ఒకామె చనిపోయింది. బోల్టులను పట్టిన ఎపాక్సీ తొందరగా గట్టిపడే రకం. ఆ రకం ఏండ్ల తరబడి వేలాడే బరువుకు మెల్లగా సాగి వదిలేస్తుందని విచారణలో తేలింది. 2012 డిసెంబరు 2న జపాన్‌లో ససాగో సొరంగం కప్పు కూలి తొమ్మిది మంది పోయారు. అక్కడా కాంక్రీటులోంచి వదులైన బోల్టులే. అందుకే మేం గీసే పటాల్లో మందు రకం, రంధ్రం లోతు, శుభ్రం చేసే పద్ధతి కూడా రాస్తాం.

ఇక మన కడప బండ సంగతి. జిల్లా పేరును దూరదేశాలకు మోసిన ఈ రాయి మెట్లయి, అరుగులై, పిట్టగోడల మీద పలకలై ఇంటింటా ఉంది. దాని అంచుకు అంగుళం దూరంలో రంధ్రం చేసి ఇనుప రెయిలింగు కాలు దించుతారు. రెండు మూడు వానాకాలాలు పోయేసరికి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, లోపలి నుంచి నెట్టి బండను చీలుస్తుంది. జమ్మలమడుగులో పాత ఇండ్ల మెట్లు చూడండి, పగులు ఎప్పుడూ రెయిలింగు కాలి దగ్గరే మొదలవుతుంది. ఏథెన్స్‌లో పార్థినాన్ కట్టినవాళ్లు పాలరాయిలో ఇనుప బిగింపులు పెట్టి చుట్టూ సీసం పోశారు, అవి శతాబ్దాలు నిలిచాయి. 20వ శతాబ్దం మొదట్లో మరమ్మతు చేసినవాళ్లు సీసం లేకుండా ఇనుము పెట్టారు. అది తుప్పు పట్టి పాలరాయిని పగలగొట్టింది. ఇప్పుడు వాటిని తీసి టైటానియం పెడుతున్నారు. మనకు టైటానియం అక్కర్లేదు. స్టెయిన్‌లెస్ కాలు, అంచుకు తగినంత దూరం, నీళ్లు దిగకుండా సీలెంటు చాలు.

ఎండ సంగతి కూడా పటంలోకి రావాలి. 60 మీటర్ల పొడవు ఇనుప ఫ్రేము 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 29 మిల్లీమీటర్లు సాగుతుంది. మే నెలలో మన రేకు కింద ఆ వేడి వింత కాదు. రెండు చివరలా గోడలో బిగించేస్తే గోడ పగులుతుంది. ఒక చివర పొడవాటి రంధ్రం పెడితే చాలు, ఆ మాట పటంలో రాసి ఉండాలి.

ఇక ఈ పని నేర్పే చదువు మాట. జమ్మలమడుగు ఉక్కు కర్మాగారానికి 2007లో ఒకసారి, 2018 డిసెంబరులో కంబాలదిన్నె దగ్గర, 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లె దగ్గర శంకుస్థాపనలు జరిగాయి. 2023 ఫిబ్రవరిలో సున్నపురాళ్లపల్లెలోనే భూమిపూజ జరిగింది. ఆ కర్మాగారం రావాలని మా ఇంట్లో మూడు తరాలూ కోరుకుంటున్నాయి. కానీ ఉక్కును సరిగ్గా వాడే చదువుకు కొలిమి వెలిగేదాకా ఆగక్కర్లేదు. పులివెందులలో జేఎన్‌టీయూ కాలేజీ 2006 నుంచి ఉంది, ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం వాళ్ల ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. నా దగ్గరికి పని నేర్చుకోను వచ్చే పిల్లలు దూలం డిజైను చకచకా చేస్తారు. బేస్ ప్లేటు దగ్గర కోసి చూపించమంటే పెన్సిలు ఆగిపోతుంది. చివరి ఏడాది ప్రాజెక్టుగా ఊర్లో ఒక నిజమైన షెడ్డును కొలిచి, దాని ప్రతి అతుకునూ గీయమని చెప్పండి. పక్కన ఒక బేల్దారిని, ఒక వెల్డరును కూర్చోబెట్టండి.

ప్రతి చిన్న షెడ్డుకూ ఇంజినీరును పెట్టుకునే స్తోమత అందరికీ ఉండదన్నది నిజం. దానికి దారుంది. సాధారణంగా వచ్చే కొలతలకు స్తంభం అడుగు, డాబా మీద స్తంభం, గోడలో దూలం, బండలో రెయిలింగు, ఈ నాలుగింటికీ నమూనా పటాలు తయారుచేసి, ఇంజినీరు చేత లెక్క చూపించి, తెలుగులో రాసి, మున్సిపల్ ఆఫీసులో ఉచితంగా పంచొచ్చు. పెద్ద షెడ్డుకు విడిగా పటం, దాని మీద ఇంజినీరు సంతకం తప్పనిసరి చేయాలి. కాంక్రీటు పోసే ముందు టెంప్లేటుతో సహా బోల్టుల ఫొటో తీసి జతచేయమనాలి. ప్రొద్దుటూరు పురపాలక సంఘం సరేనంటే ఆ నాలుగు నమూనా పటాలూ నేనే గీసిస్తాను, రుసుము వద్దు.