పచ్చకామెర్లు ఎవరికి?

మన వైద్యులు నలుగురు ఒకచోట చేరినప్పుడు వాన్ గో మాట వచ్చిందంటే చాలు, పది నిమిషాల్లో రోగనిర్ణయం అయిపోతుంది. ఆ పసుపంతా డిజిటాలిస్ వికటించిన ఫలితం అని ఒకరు, మూర్ఛ అని ఇంకొకరు, ఆబ్సింత్ సారా అని మరొకరు. బొమ్మను చూసేవారు మాత్రం ఉండరు. మేమూ ఆ వృత్తిలోని వారమే కనుక ఈ అలవాటును కాస్త గట్టిగానే ఖండించదలచుకున్నాము.

ముందు వైద్యం ప్రకారమే చూద్దాం. డాక్టర్ గాషే చిత్రంలో డిజిటాలిస్ మొక్క ఉన్న మాట నిజమే. కాని వాన్ గో ఆయన్ను కలుసుకున్నది 1890 మే నెలలో. పొద్దుతిరుగుడు పూలు, పసుపు కుర్చీ 1888లో ఆర్ల్ పట్టణంలో వేసినవి. గాషే అతనికి ఆ మందు ఇచ్చాడనడానికీ ఆధారం లేదు. పైగా, కంటికి లోకమంతా పచ్చగా కనిపిస్తే పలక మీది రంగూ పచ్చగానే కనిపించాలి కదా! రెంటికీ చెల్లు. కుర్చీ వెనక ఉన్న నీలం తలుపు నీలంగానే ఎందుకున్నది?

ఆ పసుపు అతను ఎరిగి పట్టుకున్న రంగు. దాని వెనక ఒక కథ ఉంది.

1885 మార్చిలో అతని తండ్రి పోయాడు. ఆయన క్రైస్తవ బోధకుడు. కొడుక్కీ ఆయనకూ పొసగలేదు. ఆ అక్టోబరులో కొడుకు ఒక తైలవర్ణ చిత్రం వేశాడు. బల్లమీద తండ్రి బైబిలు, యెషయా గ్రంథం 53వ అధ్యాయం దగ్గర తెరిచి ఉంది. పక్కన ఆరిపోయిన కొవ్వొత్తి. ముందు, బల్ల అంచున, నలిగిన పసుపు అట్టతో చిన్న పుస్తకం. అది ఎమిల్ జోలా నవల, పేరుకు ‘జీవితానందం’ అని అర్థం. మనిషి ఒక్కడూ లేడు. అయినా తండ్రీ కొడుకులిద్దరూ ఉన్నారు, వారి తగవూ ఉంది, ఆ తగవు తీరకుండానే ఆరిన దీపమూ ఉంది.

మూడేళ్ల తరువాత రెండు కుర్చీలు వేశాడు. తనది గడ్డి అల్లిన పసుపు కుర్చీ, పగటి వెలుతురు, దానిమీద పైపు, పొగాకు. మిత్రుడు గోగాఁ కుర్చీ చేతులున్నది, రాత్రివేళ, దానిమీద వెలుగుతున్న కొవ్వొత్తి, రెండు నవలలు. రెండూ ఖాళీయే. ఆ డిసెంబరులోనే ఆ స్నేహం చెడింది.

పసుపు అంటే సంతోషం, నలుపు అంటే దుఃఖం అని నిఘంటువు తీసేవారూ మనలో ఉన్నారు. మన గడపకు పసుపు శుభం. అతనికి పసుపు ఆనాటి ఫ్రెంచి నవలల అట్ట రంగు. ప్రతీక బజారులో దొరికేది కాదు. ఎవరి బతుకులోంచి వారికి పుట్టేది.

రోగం లేదని మేము అనడం లేదు. 1889 మేలో అతను తనంతట తానే సేంట్ రెమీ ఆశ్రయంలో చేరాడు. కాని తీవ్రంగా జబ్బు చేసినప్పుడు పని చాలావరకు ఆగిపోయేది. తెరపి దొరికినప్పుడే కుంచె పట్టేవాడు. రోగం అతని పనికి అడ్డం పడిందే కాని పని చేసిపెట్టలేదు. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చన అంటారు. మనకేమో లోకమంతా రోగులే!

ఇదంతా మనకెందుకు అంటారా? ఆ బైబిలు బొమ్మ మనలో చాలామంది ఇంటి బొమ్మ. దేవుడి అలమరలో నాన్నగారి భాగవతం, పక్క గదిలో మన వైద్య గ్రంథాలు. తండ్రి అక్కడ పోయాడు, మనం ఇక్కడ ఉన్నాము. ఆయనకు చెప్పవలసిన మాటలు మిగిలిపోయాయి. వాటిని చెప్పుకోవడానికి మనం ఏ భాషా నేర్చుకోలేదు.

మన పిల్లలు నేర్చుకోబోతే మనమే అడ్డం పడుతున్నాము. పిల్లవాడు ఇల్లు గీసి తలుపు గీయకపోతే, తల్లి “ఎవరికైనా చూపిద్దామండీ” అంటుంది, తండ్రి “ముందు లెక్కలు చేసుకోరా” అంటాడు. “ఇదేమిటి నాన్నా?” అని అడిగేవారు లేరు.

మన సంఘం ఉగాది బొమ్మల పోటీలోనూ ఇదే తంతు. పోలిక కుదిరిన నెమలికి బహుమతి. ఈసారి ఆ బహుమతి మానేయమని కార్యవర్గాన్ని కోరుతున్నాము. ప్రతి పిల్లనూ పిల్లవాడినీ తన బొమ్మ పక్కన నిలబెట్టి, అందులో ఏముందో తెలుగులో నాలుగు మాటలు చెప్పమనండి. తెలుగు తడబడినా ఫరవాలేదు. పెద్దలు ఆ కాసేపు తీర్పూ మందూ చెప్పకుండా కూర్చుని వింటే చాలు.