పియానోకి శ్రుతి సరే, పెట్టెకి శ్రుతి ఎవరు పెడతారు?

"కంప్యూటరే శ్రుతి చూపిస్తుంటే ఇంకా చెవులెందుకండీ?" అని ఓ తమ్ముడు ఉత్తరం రాశాడు. చెవులెందుకో ఆమధ్య చెన్నైలో ఓ రికార్డింగ్ థియేటర్లో చూశాను.

పియానో ట్యూనర్ కుర్రవాడే. లాప్‌టాప్ ముందు పెట్టుకుని రెండు గంటలు చెమటోడ్చి, రెండువందల పైచిలుకు తీగల్నీ సరిచేశాడు. తెరమీద ప్రతి స్వరమూ భేష్ అంది. తీరా ముందురోజు రికార్డు చేసిన కీబోర్డు ట్రాక్‌తో కలిపి వాయిస్తే "వా...వ్, వా...వ్" అంటూ అలలు! సంగీత దర్శకుడు కుర్చీలోంచి లేచారు. బయట వయొలిన్లవాళ్ళు టీ తాగుతూ కాల్షీటు గంటలు లెక్కెడుతున్నారు. కుర్రాడి మొహంలో నెత్తురుచుక్క లేదు.

తప్పు అతని చేతిది కాదు, పెట్టెది.

సంగతేమిటంటే, కంప్యూటర్ శబ్దాన్ని సెకనుకి, ఉదాహరణకి, 48,000 ముక్కలుగా కోసి కొలుస్తుంది. సెకను ఎంతో చెప్పేది లోపలున్న చిన్న క్వార్ట్జ్ స్ఫటికం. అది తొందరపడి 48,028 ముక్కలు కోసిందనుకోండి, సాఫ్ట్‌వేర్ మాత్రం 48,000 అనే నమ్ముతుంది. అసలు 440 హెర్ట్జ్ స్వరం దాని కళ్ళకి 439.74గా కనిపిస్తుంది. "తగ్గింది, పైకి లాగు" అంటుంది. పాపం ట్యూనర్ లాగుతాడు! ఆ తేడా ఒక సెంటు, అంటే అరస్వరంలో నూరోవంతు. మంచి కంప్యూటర్లలో అంత కూడా వుండదు. ఈ కుర్రాడిది చవకరకం పాత సౌండ్‌కార్డు, నాలుగు సెంట్లు తప్పింది. 440 పక్కన 441 మోగితే సెకనుకో అల లేస్తుంది మరి.

అనుమానం వచ్చి అతను ఏంచేశాడో తెలుసా? అదే లాప్‌టాప్‌తో 440 మోగించి, దాంతోనే కొలిచాడు. అక్షరాలా సరిపోయింది! సరిపోక చస్తుందా? తన పరీక్ష పేపరు తనే దిద్దుకుంటే నూటికి నూరే కదా. మోగించేదీ కొలిచేదీ ఒకే గడియారమైతే తప్పు కనబడదు.

కొలత బయటినుంచి రావాలి. అమెరికాలో, కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ నుంచి డబ్ల్యూ.డబ్ల్యూ.వి. రేడియో కేంద్రం కచ్చితమైన 500, 600 హెర్ట్జ్ నాదాలు షార్ట్‌వేవ్‌లో వినిపిస్తుంది. అక్కడి ట్యూనర్లకి అదో ఆసరా. మనకి అందుబాటులో వుండేది శ్రుతిదండం. ఫిజిక్స్ లాబ్‌లో రబ్బరుమీద కొట్టేవాళ్ళం, అదే. కానీ దానికీ ఓ పేచీ వుంది. 20 డిగ్రీల దగ్గర 440 పలికే ఉక్కు దండం మన మే నెల 40 డిగ్రీల ఎండలో ముప్పావు హెర్ట్జ్ దాకా దిగుతుంది. జేబులో వెచ్చగా దాచుకున్నా అంతే!

సౌండ్ ఇంజనీరు గారు ఏ.సి. గదిలో సొరుగులోంచి దండం తీసి మోగించారు. కీబోర్డుతో చక్కగా కలిసింది. లాప్‌టాప్ మాత్రం రెండూ తగ్గాయంటూ బొమ్మని పక్కకి జరుపుతోంది. బొమ్మ కదలకుండా నిలబడేదాకా సాఫ్ట్‌వేర్‌లో సవరణ అంకె మార్చి, ఆ అంకెని దాచారు. క్యాలిబ్రేషన్ అంటే అంతే, ఐదు నిమిషాల పని. పియానోకి మాత్రం మళ్ళీ రెండు గంటలు పట్టింది. వయొలిన్లవాళ్ళు భోజనానికి వెళ్ళొచ్చారు.

మరుసటి నెల ఆ థియేటర్‌వాళ్ళు మళ్ళీ ఆ కుర్రాణ్ణే పిలిచారు. వస్తూనే సంచీలోంచి శ్రుతిదండం తీసి, ఏ.సి. కింద బల్లమీద పెట్టి, తాపీగా టీకి వెళ్ళాడు.